క్లచ్ పెడల్‌కి సెలవు ఇచ్చేద్దామా? చిన్న కార్లలో మాన్యువల్ గేర్ల సంగతి

మన హాస్టల్లో ఈ విషయం మీద రెండు వర్గాలున్నాయి. "గేరు మార్చకపోతే అది డ్రైవింగే కాదు బాసూ" అనేది ఒకటి. "ఈ రోజుల్లో కూడా ఎడమ కాలు అరగదీసుకోవాలా?" అనేది రెండోది. మొదటి వర్గంలో సగం మందికి లైసెన్స్ లేదు. రెండో వర్గంలో సగం మంది క్యాబ్ వెనక సీట్లో కూర్చున్న అనుభవంతోనే తీర్పు ఇచ్చేస్తుంటారు. మెస్‌లో సాంబారు చల్లారిపోయినా ఈ వాదన మాత్రం చల్లారదు.

నేను మెకానికల్ వాణ్ణి. అందుకే వాదన పక్కన పెట్టి కాస్త లెక్కలు చూద్దామనుకున్నాను. పెద్ద పెద్ద ఎస్‌యూవీల గురించి కాదు, మన ఇళ్ళలో కొనే ఆల్టో, వ్యాగన్ ఆర్, టియాగో, స్విఫ్ట్ లాంటి చిన్న కార్ల గురించి. వాటిలో మాన్యువల్ గేర్లకి ఇంకా చోటుందా? ఉంటే ఎక్కడ? సీఎస్‌ఈ, ఈసీఈ మిత్రులు భయపడక్కర్లేదు, ఇంటర్ ఫిజిక్స్ గుర్తుంటే చాలు.

అసలు గేర్లు ఎందుకు?

పెట్రోల్ ఇంజిన్‌కి ఒక పెద్ద బలహీనత ఉంది. అది ఆగి ఉన్నప్పుడు దాని దగ్గర బలం సున్నా. నిమిషానికి 800 చుట్ల కన్నా తక్కువ తిరగమంటే వణికి ఆగిపోతుంది, 6000 దాటితే ఆయాసపడుతుంది. ఈ మధ్యలోనే దాని బతుకంతా. కారు చక్రం మాత్రం సున్నా నుంచి మొదలవ్వాలి. ఈ ఇద్దరికీ కుదిరిన పెళ్ళిలో మధ్యవర్తే గేర్‌బాక్స్.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కారు బరువు 1000 కిలోలు, చక్రం వ్యాసార్ధం 28 సెంటీమీటర్లు. ఫస్ట్ గేర్లో ఇంజిన్ 14 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది అనుకుందాం. అప్పుడు ఇంజిన్ 1000 ఆర్‌పీఎం దగ్గర కారు గంటకి ఏడున్నర కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. అదే గేర్లో 6000 దాకా లాగినా 45 కిలోమీటర్లు దాటదు. ఇక ఐదో గేర్లో ఇంజిన్ మూడు చుట్లకి పైన ఇంకొంచెం తిరిగితే చక్రం ఒక చుట్టు. 100 కిలోమీటర్ల వేగంలో కూడా ఇంజిన్ 3000 దగ్గర ప్రశాంతంగా ఉంటుంది. ఫస్ట్ గేరు బలాన్ని పెంచి వేగాన్ని తగ్గిస్తుంది, టాప్ గేరు దానికి రివర్స్. మన తాతల నాటి ఏతానికీ దీనికీ సూత్రం ఒకటే: పవర్ మారదు, బలం వేగాల మధ్య బేరం మాత్రమే మారుతుంది.

తొలి రోజుల్లో గేరు మార్చడం ఒక విద్య. వేర్వేరు వేగాలతో తిరిగే పళ్ళచక్రాల్ని డ్రైవరే అంచనా వేసి కలపాలి. కాస్త తేడా వస్తే గరగరా శబ్దం. 1928లో కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చింది. పళ్ళు కలవకముందే రెండింటి వేగాన్నీ రాపిడితో సమం చేసే చిన్న కోన్ లాంటి రింగు అది. ఇవాళ మనం రెండు వేళ్ళతో గేరు వేస్తున్నామంటే దాని పుణ్యమే. అంటే, "అసలు సిసలు మాన్యువల్" అని మనం గొప్పగా చెప్పుకునే దాంట్లోనే సగం పని మెషీన్ చేసిపెడుతోంది అన్నమాట.

క్లచ్ ఖర్చు ఎంత?

గేర్లు ఉన్నా ఇంకో సమస్య మిగిలింది. ఇంజిన్ తిరుగుతోంది, చక్రం ఆగి ఉంది. రెండింటినీ ఒక్కసారిగా కలిపితే బండి ఎగిరి ఆగిపోతుంది. డ్రైవింగ్ స్కూల్లో మొదటి రోజు అందరూ చూసే సీనే ఇది. ఆ రెండింటినీ మెల్లగా, జారనిస్తూ కలిపేదే క్లచ్. ఇక్కడ నాకు బాగా నచ్చిన లెక్క ఒకటుంది.

క్లచ్ జారుతున్నంతసేపూ రెండు వైపులా టార్క్ ఒకటే, వేగాలు మాత్రం వేరు. ఇంజిన్ ఒకే వేగంలో ఉంది, కారు వైపు సున్నా నుంచి మొదలై ఆ వేగాన్ని అందుకుంటోంది అనుకుంటే, కారు వైపు సగటు వేగం ఇంజిన్ వేగంలో సగం. అంటే ఇంజిన్ ఇచ్చిన శక్తిలో సగమే కారుకి వెళ్తుంది. మిగతా సగం క్లచ్ ప్లేట్ మీద వేడిగా పోతుంది. ఎంత నేర్పున్న డ్రైవరైనా ఈ పన్ను కట్టాల్సిందే.

మన 1000 కిలోల కారుని 1000 ఆర్‌పీఎం దగ్గర కదిలిస్తే క్లచ్ పట్టుకునే సమయానికి వేగం సెకనుకి 2 మీటర్లు. గతిజశక్తి 2000 జౌళ్ళు, కాబట్టి క్లచ్‌లో వేడి కూడా 2000 జౌళ్ళే. అదే 2000 ఆర్‌పీఎం దాకా రెయిజ్ చేసి వదిలితే? వేగం రెట్టింపు, వేడి నాలుగు రెట్లు. 8000 జౌళ్ళు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ని అరిపించి బండి తీసేవాళ్ళ క్లచ్ ప్లేట్లు ఎందుకు త్వరగా పోతాయో ఈ వర్గమే చెబుతుంది.

ఇంకా ఘోరం ఏంటంటే, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ట్రాఫిక్ ఆగితే బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టడం. పది శాతం వాలు ఉంటే మన కారుని కిందకి లాగే బలం సుమారు 1000 న్యూటన్లు. దాన్ని ఆపడానికి క్లచ్ దగ్గర 20 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. ఇంజిన్ 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంటే అక్కడ పుట్టే వేడి సుమారు 3 కిలోవాట్లు. అంటే బాత్‌రూమ్‌లో ఉండే ఇన్‌స్టంట్ గీజర్ ఒకటి. నీళ్ళు లేకుండా ఆన్ చేసిన గీజర్! అరచేతి కన్నా కాస్త పెద్ద ప్లేట్ మీద అంత వేడి పడుతుంటే ఆ మాడిన వాసన రాక ఏమవుతుంది?

చిన్న కారుకి ఆటోమేటిక్ ఎందుకు పడలేదు?

ఆటోమేటిక్ గేర్లు కొత్తవేం కాదు. జనరల్ మోటార్స్ వాళ్ళు హైడ్రామాటిక్‌ని 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కార్లలోనే అమ్మారు. అమెరికాలో అది పాకిపోయింది. మన దగ్గర మాత్రం చాలా ఏళ్ళు "ఆటోమేటిక్ అంటే పెద్దింటి వాళ్ళ వ్యవహారం" అనే మాట ఉండిపోయింది. ఆ మాట వెనక ఇంజినీరింగ్ కారణం ఉంది.

పాత పద్ధతి ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి, ఒకటి ఆన్ చేస్తే గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా, అలాగే. ఇక్కడ గాలి బదులు ఆయిల్. బండి కదలడం వెన్నలా ఉంటుంది, కానీ ఆయిల్ని చిలకడంలో కొంత శక్తి వేడిగా పోతుంది. పెద్ద ఇంజిన్‌కి ఆ నష్టం లెక్కలోకి రాదు. అరవై, డెబ్భై హార్స్‌పవర్ ఉన్న చిన్న ఇంజిన్‌కి మాత్రం అది కంచంలోంచి తీసిన ముద్దే. దానికి తోడు అదనపు బరువు, అదనపు ఖరీదు. నాలుగు గేర్ల ఆటోమేటిక్‌తో వచ్చిన హ్యుందాయ్ ఐ10 లాంటివి సిటీలో హాయిగా ఉండేవి కానీ, పికప్, మైలేజ్ అడిగేవాళ్ళకి నచ్చలేదు. మైలేజ్ అడగనివాడు మన దేశంలో చిన్న కారు ఎందుకు కొంటాడు చెప్పండి?

సీవీటీ అని ఇంకోటి ఉంది. గేర్లే ఉండవు. వెడల్పు మారే రెండు పుల్లీల మధ్య బెల్టు జారుతూ నిష్పత్తిని మారుస్తుంటుంది. 1958లో నెదర్లాండ్స్‌లో డాఫ్ అనే కంపెనీ దీన్ని చిన్న కార్లలో తెచ్చింది. రెండు క్లచ్‌లు ఉండే డీసీటీ ఇంకా చురుకైనది. ఒక క్లచ్ వదులుతుండగానే రెండోది పట్టుకుంటుంది. రెండూ మంచివే, కానీ మన బడ్జెట్ కారులో పెట్టాలంటే ధర దగ్గర ఆగిపోతాయి.

2014లో ఏం జరిగింది?

ఆ ఏడాది ఢిల్లీ ఆటో ఎక్స్‌పో సమయంలో మారుతి సెలెరియో వచ్చింది. దాంట్లో ఏఎంటీ అని ఒక ఏర్పాటు ఉంది. నిజం చెప్పాలంటే ఇది ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కాదు. మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. క్లచ్ నొక్కడానికి ఒక యాక్చుయేటర్, గేరు మార్చడానికి ఇంకోటి, ఎప్పుడు ఏది చేయాలో చెప్పే ఒక చిన్న కంప్యూటర్. అంతే. మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనికి రోబో డ్రైవర్ని పెట్టారు అనుకోండి. మెకట్రానిక్స్ ఎలక్టివ్ తీసుకున్నవాళ్ళకి ఇంతకన్నా మంచి కేస్ స్టడీ దొరకదు.

పాత గేర్‌బాక్స్‌నే వాడుకోవడం వల్ల ఖర్చు తగ్గింది. ఇప్పుడు చాలా చిన్న కార్లలో మాన్యువల్‌కీ ఏఎంటీకీ తేడా యాభై వేల రూపాయల అటూ ఇటూ ఉంటోంది. 2024లో టాటా వాళ్ళు టియాగోలో సీఎన్‌జీతో కూడా ఏఎంటీ ఇచ్చారు. మధ్యేమార్గంగా హ్యుందాయ్ 2020లో వెన్యూలో ఐఎంటీ తెచ్చింది. గేరు రాడ్డు మన చేతిలోనే ఉంటుంది, క్లచ్ పెడల్ మాత్రం ఉండదు. కాలికి సెలవు, చేతికి డ్యూటీ.

ఏఎంటీకి ఒక లోపం ఉంది, దాచక్కర్లేదు. క్లచ్ ఒకటే కాబట్టి గేరు మారే ప్రతిసారీ చక్రాలకి బలం ఒక క్షణం ఆగుతుంది. మనం మార్చినా ఆగుతుంది, కానీ అప్పుడు మన ఒళ్ళు ముందే సిద్ధంగా ఉంటుంది. ఏఎంటీ ఎప్పుడు మారుస్తుందో మనకి తెలియదు కాబట్టి తల ముందుకి ఊగుతుంది. సిటీలో ఇది చిన్న చిరాకు. రెండు లైన్ల రోడ్డు మీద లారీని ఓవర్‌టేక్ చేస్తూ యాక్సిలరేటర్ తొక్కిన క్షణంలో కింది గేరు కోసం అది ఆలోచిస్తూ కూర్చుంటే మాత్రం చిరాకుతో పోయే విషయం కాదు. అందుకే అలాంటి చోట ముందే మాన్యువల్ మోడ్‌లోకి మార్చి, గేరు తగ్గించుకుని, అప్పుడు బయటికి రావాలి.

మా ఇంటి పంచాయితీ

ఇదంతా నాకు ఉత్త థియరీ కాదు. రాజమండ్రిలో మా ఇంట్లో ఆరు నెలలుగా ఇదే చర్చ. అమ్మ టీచర్. రోజూ 14 కిలోమీటర్ల దూరంలో ఉన్న స్కూలుకి తనే కారు నడుపుకుంటూ వెళ్తుంది. రెండేళ్ళుగా ఎడమ మోకాలు నొప్పి. ఒక శనివారం పక్కన కూర్చుని లెక్కపెట్టాను. వెళ్ళేటప్పుడు 96 సార్లు క్లచ్ తొక్కింది. రానూ పోనూ 192. నెలకి 24 పనిదినాలు వేసుకుంటే 4600 పైమాటే. డాక్టరు మెట్లెక్కడం తగ్గించమన్నారు, క్లచ్ సంగతి ఆయన అడగలేదు, అమ్మ చెప్పలేదు.

కారు మార్చాలి అనేసరికి నాన్న మాన్యువలే అన్నారు. ఆయన అభ్యంతరాలు మూడు. ఒక్కొక్కటీ న్యాయంగా చూద్దాం.

మొదటిది: "ఒరేయ్, ఆటోమేటిక్ అయితే మైలేజ్ రాదురా." టార్క్ కన్వర్టర్ల కాలంలో ఇది నిజం. ఇప్పుడు లెక్క తిరగబడింది. 2024 మే నెలలో వచ్చిన కొత్త స్విఫ్ట్‌కి కంపెనీ చెప్పిన మైలేజ్ మాన్యువల్‌లో లీటరుకి 24.80 కిలోమీటర్లు, ఏఎంటీలో 25.75. ఆయిల్ నష్టం లేదు, పైగా కంప్యూటర్ బద్ధకించకుండా పై గేరుకి త్వరగా వెళ్తుంది. ఇవి పరీక్షలో వచ్చిన అంకెలే, రోడ్డు మీద ఎవరి కాలుని బట్టి వాళ్ళకి. శ్రద్ధగా నడిపేవాళ్ళు మాన్యువల్‌తోనూ అంత తేగలరు. అయినా "ఆటోమేటిక్ పెట్రోల్ తాగేస్తుంది" అనే మాట మాత్రం ఇక చెల్లదు.

రెండోది: "చెడిపోతే మన ఊళ్ళో ఎవడు బాగుచేస్తాడు?" దీంట్లో నాన్న సగానికి పైగా కరెక్ట్. మాన్యువల్ క్లచ్‌ని ఏ షెడ్డులో అయినా ఒక పూటలో మార్చేస్తారు. ఏఎంటీలో ప్లేటు అదే రకం అయినా, మార్చాక కొత్త ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పించాలి. దానికి స్కానర్ కావాలి. యాక్చుయేటర్ పోతే ఇంకా ఖర్చు. బ్యాటరీ డౌన్ అయితే నలుగురు తోసి, సెకండ్ గేర్లో క్లచ్ వదిలి స్టార్ట్ చేసే మన జాతీయ విద్య కూడా ఏఎంటీ దగ్గర పనిచేయదు. సర్వీస్ సెంటర్‌కి వంద కిలోమీటర్ల దూరంలో ఉండేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. మాకు మాత్రం సెంటర్ ఊళ్ళోనే ఉంది.

మూడోది: "తిరుమల ఘాట్‌లో దిగేటప్పుడు ఏం చేస్తావు?" ఇది అన్నిటికన్నా మంచి ప్రశ్న. కొండ మీంచి తిరుపతికి దిగుడు సుమారు 700 మీటర్లు అనుకుందాం. మనుషులతో కలిపి కారు 1300 కిలోలు. వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 90 లక్షల జౌళ్ళు. 30 లీటర్ల నీళ్ళని మామూలు వేడి నుంచి మరిగే దాకా తేగలిగినంత. కొంత టైర్లూ గాలీ తీసుకుంటాయి, మిగతా అంతా బ్రేకుల నెత్తిన వేస్తే అవి కాగిపోయి పట్టు తప్పుతాయి. అందుకే కింది గేర్లో దిగాలి. అప్పుడు ఇంజినే వెనక్కి పట్టుకుంటుంది. ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే.

మాన్యువల్‌లో ఇది సహజంగా వస్తుంది. ఏఎంటీని డీలో వదిలేస్తే మనం యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే పై గేరుకి వెళ్ళే అవకాశం ఉంది. కానీ లోపల ఉన్నది అదే గేర్‌బాక్స్. మాన్యువల్ మోడ్‌లో పెట్టి రెండో గేరు పట్టుకుంటే ఇంజిన్ బ్రేకింగ్ అంతే గట్టిగా ఉంటుంది. సమస్య కారుది కాదు, ఆ మోడ్ ఒకటుందని తెలియకుండా ఏళ్ళ తరబడి నడిపేవాళ్ళది. ఇంకో మాట: ఏఎంటీ కారుని కూడా ఎక్కుడులో యాక్సిలరేటర్‌తో నిలబెట్టకూడదు. లోపల జారేది అదే క్లచ్, పైన చెప్పిన గీజరే. బ్రేక్ వేయండి. చాలా కొత్త కార్లలో హిల్ హోల్డ్ కూడా ఉంది, అది ఒకట్రెండు సెకన్లు పట్టుకుంటుంది.

మూడూ చూశాక నేను నాన్నతో అన్నది ఒక్కటే: ఘాట్‌కి ఏడాదికి ఒకసారి వెళ్తాం, స్కూలుకి రోజూ వెళ్తుంది. అమ్మ కారుని అమ్మ మోకాలు నిర్ణయించాలి. నాన్న ఇంకా ఒప్పుకోలేదు గానీ, గత వారం టెస్ట్ డ్రైవ్‌కి మాత్రం ఏఎంటీనే బుక్ చేశారు.

మరి మాన్యువల్ ఎక్కడ మిగులుతుంది?

దీనికి జవాబు మన వీధుల్లోనే ఉంది. ఒకప్పుడు స్కూటరంటే చేత్తో గేరు తిప్పే బజాజ్ చేతక్. 1984లో కైనెటిక్ హోండా గేర్లు లేకుండా వచ్చింది. ఇవాళ షోరూమ్‌లో కొత్త పెట్రోల్ స్కూటర్‌కి గేర్లు ఉంటాయా అని ఎవరూ అడగరు. పల్లెల్లో గడ్డిమోపులు మోసే టీవీఎస్ ఎక్స్‌ఎల్‌కీ గేర్లు లేవు. కానీ బైకులకి ఇప్పటికీ ఉన్నాయి. ఎందుకంటే స్కూటర్ కొనేవాడికి కావాల్సింది సుఖం, అది తక్కువ ఖర్చులో దొరికింది. బైకు కొనేవాడికి మైలేజ్ కావాలి, లేదా నడపడంలో మజా కావాలి. అక్కడ గేర్లు నిలబడ్డాయి. గేర్లు పాతబడినందుకు పోవు, వాటి పనిని అంతే ఖర్చులో ఇంకొకటి చేయగలిగినప్పుడే పోతాయి.

చిన్న కార్లకీ ఇదే కొలత పెడితే నాకు మూడు చోట్లు కనబడుతున్నాయి. ఒకటి, అన్నిటికన్నా తక్కువ ధర మోడల్. మొదటిసారి కారు కొనే కుటుంబానికి యాభై వేలంటే ఒక ఏడాది పెట్రోల్. రెండు, సర్వీస్ సెంటర్లకి దూరంగా, ఖాళీ రోడ్ల మీద తిరిగే బండి. అక్కడ క్లచ్ తొక్కేదే తక్కువ, ఆదా అయ్యే శ్రమా తక్కువే. మూడు, నడపడం ఇష్టమైనవాళ్ళు. ఈ మూడో కారణాన్ని తీసిపారేయకండి. సరైన ఆర్‌పీఎం దగ్గర గేరు వెన్నలో కత్తిలా దిగినప్పుడు వచ్చే తృప్తికి లెక్క ఉండదు, అయినా అది నిజమే. రోజూ పంజాగుట్ట, బెంజ్ సర్కిల్ దాటి ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి మాత్రం ఆ తృప్తి మూడో సిగ్నల్‌కే ఆవిరైపోతుంది.

ఇంకో సంగతి. ఏఎంటీ వచ్చి మాన్యువల్‌ని చంపేసింది అంటారు కానీ, అది మాన్యువల్ గేర్‌బాక్స్‌కి ఆయుష్షు పోసింది. పళ్ళచక్రాలు అవే, సింక్రోమెష్ అదే, క్లచ్ అదే. మారింది వాటిని కదిపే చెయ్యి మాత్రమే. ఆ గేర్‌బాక్స్‌కి అసలు గండం ఎలక్ట్రిక్ కారుతో ఉంది. మోటారుకి సున్నా వేగంలోనే పూర్తి టార్క్ ఉంటుంది, పదివేల చుట్లు దాటి కూడా తిరుగుతుంది. 2022లో వచ్చిన టియాగో ఈవీలో ఒకే ఒక్క నిష్పత్తి, క్లచ్ లేదు. ఘాట్ దిగేటప్పుడు మనం వేడిగా పారబోసిన శక్తిలో కొంత బ్యాటరీలోకి తిరిగొస్తుంది కూడా. తమాషా ఏంటంటే, 2023లో హ్యుందాయ్ ఐయానిక్ 5 ఎన్ అనే ఎలక్ట్రిక్ కారులో లేని గేర్లు మారుతున్నట్టు కుదుపునీ శబ్దాన్నీ సాఫ్ట్‌వేర్‌తో పుట్టించారు. అవసరం పోయాక కూడా మనిషికి ఆ అలవాటు మీద అంత మమకారం.

కాబట్టి మిత్రులారా, కొనే సంగతి ఎలా ఉన్నా నేర్చుకునేది మాత్రం మాన్యువల్ మీదే నేర్చుకోండి. బ్రిటన్‌లో ఆటోమేటిక్ మీద టెస్ట్ పాసైతే మాన్యువల్ నడిపే హక్కు రాదు. జపాన్‌లో 1991 నుంచి ఆటోమేటిక్‌కి వేరే లైసెన్సే ఉంది. పైచదువులకి బయటికి వెళ్ళే సీనియర్లు ఇది గుర్తుపెట్టుకోండి. మన దగ్గర కూడా అర్ధరాత్రి ఎవరినో ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే, వాకిట్లో ఉన్న కారు ఏదో ముందే చెప్పలేం. ఇంకా చాలా వాకిళ్ళలో ఉన్నది మూడు పెడళ్ళ కారే.

ఇక ఇంట్లోవాళ్ళు కారు కొంటుంటే "ఏది గొప్పది?" అని అడగకండి. రోజూ నడిపేది ఎవరు, ఎన్నిసార్లు ఆగి కదలాలి, షెడ్డు ఎంత దూరం అని అడగండి. వచ్చే సెలవులకి ఊరెళ్ళినప్పుడు పక్క సీట్లో కూర్చుని మీరూ ఒకసారి క్లచ్ లెక్కపెట్టండి. వాదన సగం అక్కడే తేలిపోతుంది.